తువ్వాలు కింద గీత

రెండు కోట్లు దాటేదాకా తువ్వాలు ఎత్తకూడదు. అది ఈ ల్యాబును ఇదివరకు నడిపిన పెద్దాయన పెట్టిన నియమం, ఆ పసుపు తువ్వాలూ ఆయనదే, రిటైరైన రోజు తాళంచెవులతో పాటు మడతపెట్టి ఆమె చేతిలో పెట్టారు. కంప్యూటర్ తెర మీద అది కప్పి ఉంటుంది. పక్కన చిన్న డబ్బాలో ఎర్ర అంకెలు పరుగెడుతుంటాయి, వాటిని చూడొచ్చు, ఎన్ని లెక్కకు వచ్చాయో తెలుసుకోవచ్చు, కానీ అవన్నీ కలిసి తెర మీద ఏ గీత గీస్తున్నాయో మాత్రం చూడకూడదు. తక్కువ లెక్కల్లో గీత మనసుకు నచ్చినట్టు కనబడుతుంది, ఆ తర్వాత ఎన్ని కోట్లు వచ్చి మొత్తుకున్నా మొదట చూసిందే కళ్ళకు అతుక్కుపోతుంది అనేవారు ఆయన. ఉదయం ఏడూ పది. డబ్బా మీద పదకొండు లక్షలు. ఎనిమిదింటికి ఈ మ్యువాన్ కణాల బీమ్ వేరేవాళ్ళది అవుతుంది. ఏడాదికొకసారి దొరికే ఐదు రోజుల్లో ఇది చివరి గంట, ఈ గంటను ఆమె ఏమీ లేని ఒక ప్లేటు మీద ఖర్చు పెడుతోంది. ఏమీ లేని ప్లేటంటే నిజంగా ఏమీ లేనిదే, పైన అతికించే ఆక్సైడ్ స్ఫటికం తీసేసిన ఉత్త ప్లేటు, అరచేతిలో పట్టేంత గుండ్రటిది, మూడు మిల్లీమీటర్ల మందం. అది వెండిదైతే తువ్వాలు కింద గీత బల్ల అంచులా తిన్నగా ఉంటుంది. వెండిది కాకపోతే ఎడమ నుంచి కుడికి వెళ్ళేకొద్దీ కిందికి వాలుతుంది. వాలితే తొమ్మిదేళ్ళ కిందట ఆమెకు పేరు తెచ్చిపెట్టిన ఫలితమూ, దాన్ని నమ్ముకుని పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయి నాలుగేళ్ళుగా రాస్తున్న థీసిస్సూ రెండూ వాలిపోతాయి. విషయం ఇంతే.

ఆ అమ్మాయికి ఈ విషయం తెలియదు. ఆరింటికి నమూనా మార్చేటప్పుడు తను ఫ్లాస్కు కడుక్కురావడానికి వెళ్ళింది. హీలియం బాబాయ్ ఒక్కడే ఉన్నాడు, ద్రవ హీలియంతో ఈ పరికరాన్ని చల్లగా ఉంచే ఆపరేటరును హాల్లో అందరూ అలాగే పిలుస్తారు, అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయన పొడవాటి కడ్డీని పైకి లాగి బల్ల మీద పడుకోబెట్టి, చివర బిగించిన ప్లేటు విప్పబోతే ఒక స్క్రూ మొరాయించింది. రెండు చేతులా పట్టి తిప్పాడు. స్క్రూడ్రైవరు జారి ప్లేటు అంచుని గీరేసింది. “గీత పడింది మేడమ్, ఏం కాదు కదా?” అన్నాడు. “ఏం కాదు బాబాయ్,” అందామె, అలవాటుగా, ప్లేటు చేతిలోకి తీసుకుంటూ. తీసుకున్నాక చూసింది. గోరంత గీత, అందులో ఎరుపు. దీపం వెలుగేమోనని కిటికీ దగ్గరికి వెళ్ళింది. కిటికీ దగ్గర ఇంకా ఎర్రగా ఉంది. వెండిని ఎంత లోతుగా గీరినా కింద వెండే ఉంటుంది. ఫ్లాస్కుతో తిరిగొచ్చిన అమ్మాయితో, మిగిలిన మూడు ఉష్ణోగ్రతలూ వద్దు, స్ఫటికం తీసేద్దాం, ఖాళీ ప్లేటుని అరవై కెల్విన్ దగ్గర ఒకసారి కొలుద్దాం అని చెప్పింది. గొంతు మామూలుగానే వచ్చింది. ఆ సంగతికి తనకే ఆశ్చర్యం వేసింది.

ఎందుకన్నది మాత్రం చెప్పలేదు. నేపథ్యం చూద్దాం, నమూనా లేనప్పుడు ఎంతొస్తుందో, అంది, అలా అంటే ఎవరూ ఏమీ అడగరు. నిజానికి ఖాళీ వెండి ప్లేటును కొలవడమంటే బీమ్‌ను తగలెయ్యడమే, వెండి ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే కదా అని ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కరూ, ఆమెతో సహా, ఆ పని చెయ్యలేదు. నలభై లక్షలు. గోడ అవతల, మనిషి రెండింతల ఎత్తున పేర్చిన కాంక్రీటు దిమ్మెల వెనక, మ్యువాన్లు వచ్చి ప్లేటులో దిగుతూ ఉంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్క ఒకసారి అడిగింది, నీ ఉద్యోగం ఏమిటో అమ్మకు అర్థమయ్యేలా చెప్పు అని. ఆమె చెప్పింది, హైడ్రోజన్ అని ఒకటుంది, ఎవరూ పిలవకుండా వస్తుంది, ఆక్సైడ్ స్ఫటికాన్ని కొలిమిలో ఎంత జాగ్రత్తగా పెంచినా గాల్లోంచో తేమలోంచో కొలిమి గోడల్లోంచో సందు చూసుకుని దూరుతుంది, దూరాక ఊరుకోదు, తన దగ్గరున్న ఒక్క ఎలక్ట్రాన్నీ స్ఫటికానికి ఇచ్చేస్తుంది, కరెంటు పారకూడని చోట పారడం మొదలవుతుంది. ఎంత ఉందో, ఎక్కడ కూర్చుందో చూద్దామంటే కనబడదు, మరీ కొంచెం, మరీ తేలిక. అందుకని దాని వేషం వేసినవాణ్ణి లోపలికి పంపుతాం. మ్యువాన్ ఆ వేషగాడు. హైడ్రోజన్ కేంద్రకంలో తొమ్మిదో వంతు బరువు, సెకనులో పది లక్షల వంతులు రెండుంటే రెండు, అంత ఆయుష్షు. లోపలికి వెళ్ళి హైడ్రోజన్ కూర్చునే చోటే కూర్చుంటాడు, అది చేసేవే చేస్తాడు, చచ్చేటప్పుడు తను ఎటు తిరిగి ఉన్నాడో అటువైపు పాజిట్రాన్ అనే ఓ కణాన్ని విసురుతాడు. మేం ముందొక డిటెక్టరు, వెనకొక డిటెక్టరు పెట్టుకుని ఆ విసిరినవాటిని ఏరుకుంటాం. అందరూ ఒకే వైపు చూస్తూ లోపలికి వెళ్ళినవాళ్ళే, ఎవరూ కదిలించకపోతే పోయేదాకా అటే చూస్తారు, గీత తిన్నగా ఉంటుంది. పక్కన ఎవరైనా ఉండి కొంచెం కొంచెంగా మెడ తిప్పుతుంటే గీత వాలుతుంది. అమ్మ అంతా విని, పాపం వాళ్ళు అన్నీ చచ్చాకే చెప్తారా, అంది. అమ్మకు అర్థమైందని ఆమెకు అప్పుడు తెలిసింది. అక్క మాత్రం జీతమెంతో అడిగింది.

మెడ తిప్పేది ఎవరు, అదీ ప్రశ్న. తొమ్మిదేళ్ళ కిందట ఇదే హాల్లో, ఇదే కుర్చీలో, దీని చక్రాల్లో ఒకటి అప్పుడే ఊడింది, చల్లగా ఉన్నప్పుడు గీత వాలింది, వెచ్చబెట్టుకుంటూ పోతే నూటముప్ఫై కెల్విన్ దాటాక తిన్నగా లేచింది. పెద్దాయన తువ్వాలు ఎత్తి, మళ్ళీ కప్పి, మళ్ళీ ఎత్తి చూశారు. చలిలో హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్‌ను పట్టుకుని ఉంది, అది మ్యువాన్ మెడ తిప్పుతోంది, వెచ్చబడగానే వదిలేసింది, కాబట్టి ఈ ఆక్సైడ్‌లో కరెంటుకు కారణం హైడ్రోజనే. అలా రాశారు. అలా రాసింది ఆమే, ఆయన రెండు చోట్ల కామాలు మార్చారు. ఆ కాగితం పట్టుకుని ఆమె ఎక్కని వేదిక లేదు, ఆ గీత ఇప్పుడు పాఠ్యపుస్తకంలో ఉంది, నూట పద్నాలుగో పేజీలో, కింద తన పేరుతో. ఆయన ప్రతి ఆదివారం ఫోన్ చేస్తారు, మోకాళ్ళ నొప్పుల గురించి, చెవిలో పెట్టుకునే మిషను గురించి చెప్పి చివర్లో ఆ గీత దగ్గరికే వస్తారు, నలభై ఏళ్ళలో మనం చేసిన మంచి పని అదొక్కటేనమ్మా అంటారు. ప్లేటు ఇచ్చింది కూడా ఆయనే, ఆమె చేరిన మొదటి రోజున, నీలం ముఖమల్ పరిచిన చెక్కడబ్బాలో పెట్టి. మూత మీద ఆయన దస్తూరీలో ‘వెండి, నాలుగు తొమ్మిదులు’ అని ఉంది, వందకు తొంభైతొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిది పాళ్ళు స్వచ్ఛమని. ఆయనకు ఎవరు చేసిచ్చారో, ఏ వర్క్‌షాపులో వెండి రేకు రావడం ఆలస్యమైతే ఎవరు ఎలా సర్దుకున్నారో, పైన పూత ఉంటే చాలు అనుకున్నారో, ఎవరికీ తెలియదు. పూత ఏ మూలకు. వెంట్రుక మందంలో పదోవంతు ఉంటుందేమో. మ్యువాన్లు దాన్ని గమనించను కూడా గమనించకుండా దాటి కింద రాగిలో దిగుతాయి. రాగిలో దిగితే ఏమవుతుందో మొదటి ఏడాది విద్యార్థిని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు: రాగి కేంద్రకాలు చిన్న చిన్న అయస్కాంతాలు, చలిలో మెడ తిప్పుతాయి, గీత వాలుతుంది. వంద దాటాక మ్యువాన్ ఒక చోట కుదురుగా కూర్చోకుండా గెంతడం మొదలుపెడుతుంది, గెంతేవాడి మెడ ఎవరు తిప్పగలరు, గీత తిన్ననవుతుంది. ఈ సంగతి ఆమెకూ తెలుసు. తొమ్మిదేళ్ళుగా తెలుసు. తెలిసిన రెండు సంగతులు ఒకే తలలో పక్కపక్కన కూర్చుని ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. స్ఫటికం చిన్నది, బీమ్ వెడల్పు, సగానికి పైగా మ్యువాన్లు స్ఫటికాన్ని తప్పి ప్లేటులోనే పడేవి, వాటిని తిన్నటి గీతగా లెక్కేసి తీసేస్తూ వచ్చారు.

డెబ్భై లక్షలు. ఏడూ ఇరవై మూడు. ఇందులో నవ్వు రావలసిన ముక్క ఒకటుంది, ఇంకెవరి సంగతైనా అయితే ఆమె నవ్వి ఉండేది. ఆమె నాన్న పూతలు వేసేవాడు. ఇంటి ముందు గదిలోనే దుకాణం, నాలుగు తొట్లు, ఒక పాలిష్ చక్రం, ఎప్పుడూ యాసిడ్ వాసన, బడికి వెళ్తే పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు ఎగబీల్చేవాళ్ళు. పోటీల్లో ఇచ్చే కప్పులు, తలుపు పిడులు, చెంచాలు, బ్యాండువాళ్ళ బాకాలు వచ్చేవి. ఏ వస్తువొచ్చినా నాన్న మొదట చేసే పని ఒకటే, బల్ల అంచున పెట్టుకుని ఆకురాయితో అడుగుభాగం అంచున ఒక్కసారి, ఎవరికీ కనబడనంత, రాచేవాడు. చూడు చిన్నమ్మా, ఏం కనబడుతోంది, అనేవాడు. ఆమెకు ఆరేళ్ళప్పుడే ఇత్తడేదో రాగేదో తెలుసు, కళ్ళు మూసుకుని చేతిలో పెడితే బరువుని బట్టి వెండేదో పూతేదో చెప్పేది, వచ్చినవాళ్ళ ముందు ఆ విద్య ప్రదర్శించి బిస్కెట్లు సంపాదించేది. అలాంటి పిల్ల పెద్దదై ఈ ప్లేటును కొన్ని వందలసార్లు చేత్తో పట్టుకుంది. తుడిచింది. ఊది మళ్ళీ తుడిచింది. ఒక్కసారైనా బరువు చూడలేదా అంటే చూడలేదు, మూత మీద పెద్దాయన దస్తూరీ ఉంది, దస్తూరీ చూశాక చెయ్యి ఊరుకుంది. నాన్న పోయాక అక్క ఆకురాయి తెచ్చి ఇచ్చింది, నీకే పనికొస్తుందేమో అంటూ. అది ఇంట్లో కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొస్తోంది.

ఒకసారి ఒక ముసలావిడ వచ్చింది. చేతిసంచిలో పాత పౌడరు డబ్బా, మూత మీద పక్షి బొమ్మ, పెళ్ళికి వాళ్ళాయన ఇచ్చాడట, అచ్చ వెండట, నల్లబడింది, కాస్త మెరుపు తెమ్మంది. నాన్న అలవాటు చొప్పున అంచు రాచాడు. ఇత్తడి. చిన్నమ్మ చూసింది, నాన్న చూశాడని కూడా చూసింది, చెప్తాడని ఎదురుచూసింది. నాన్న డబ్బాను తిప్పి తిప్పి, “మంచి వస్తువమ్మా, జాగ్రత్తగా పెట్టుకోండి,” అన్నాడు. ఆవిడ మొహం విప్పారింది. ఆ రాత్రి అన్నాలప్పుడు కూతురు నిలదీస్తే, ఆవిడ వెండా కాదా అని అడగలేదుగా, మెరుపు తెమ్మంది, తెచ్చాను అన్నాడు. అమ్మ ఆయన్నే సమర్థించింది. ఆమెకు కూడా అప్పుడు అదే బాగుందనిపించింది, ఎంతో దయగా అనిపించింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ ముసలావిడ కొడుకు అదే డబ్బా పట్టుకుని వచ్చాడు. తల్లి దాన్ని నమ్ముకుని చివరి దాకా దాచిందట, మనవరాలి చదువుకు పనికొస్తుందని, అమ్మబోతే ఎవరూ తీసుకోలేదట. మీకు ఆ రోజే తెలుసు కదా అన్నాడతను. అరవలేదు. నాన్న డబ్బాను చేతిలోకి తీసుకుని, అంచున తను రాచిన చోటు వేలితో తడిమాడు. తను అప్పటికి కాలేజీలో ఉంది, పరీక్షలకు చదువుకుంటున్నట్టు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. దయ అనుకున్నది కాదని అప్పుడు అనిపించిందో, ఇప్పుడీ కుర్చీలో కూర్చుని అనిపిస్తోందో, తేల్చుకోలేకపోయింది. నాన్న మీద కోపం మాత్రం రాలేదు. ఇప్పుడు కూడా రావడం లేదు.

“మేడమ్, టీ,” అంది అమ్మాయి. ఫ్లాస్కు మూతలో పోసి ముందు పెట్టింది. ఈ అమ్మాయిని ల్యాబులో పట్టిక అంటారు. దేనికైనా పట్టిక గీస్తుంది, ఏ స్ఫటికం ఎంత పొడవు, ఏ తీగ ఎంత మందం, హీలియం గంటకెంత తగ్గింది, ఎవరు ఏ రోజు ఫ్లాస్కు కడిగారు. చేరిన కొత్తలో ఇలా ఉండేది కాదు. కొత్తలో చాలా ప్రశ్నలు అడిగేది, సమావేశంలో లేచి నిలబడి మరీ అడిగేది. ఒకసారి పదిమంది ముందు, ఆ గీత హైడ్రోజన్ వల్లే అని మనకెలా తెలుసు మేడమ్, వేరే దేనివల్లా కాదని, అంది. దానికి ఆమె, ముందు ఆ పేపరు చదువుకుని రా, అందులో ఉంది, రాసినవాళ్ళు నాకు బాగా తెలుసు, అంది. అందరూ నవ్వారు, ఆ పిల్ల కూడా నవ్వింది. చదువుకుని వచ్చింది. మళ్ళీ అడగలేదు. పట్టికలు గీయడం ఆ తర్వాతే మొదలైనట్టుంది, ఆమె అప్పట్లో అది మెరుగుపడటం అనుకుంది, పెద్దాయనకు కూడా ఫోన్లో అలాగే చెప్పింది, దారిలో పడింది సార్ అని. ఇంకో రెండు నెలల్లో ఆ పిల్ల థీసిస్ ఇచ్చెయ్యాలి, దూరాన ఒక ఉద్యోగం ఖాయమై ఉంది, ఇల్లు కూడా చూసుకుంది, పడగ్గది చిన్నదని వంటగది పెద్దదని వాళ్ళమ్మతో ఫోన్లో చెప్తుంటే వినబడింది. ఈ తెల్లవారుజామున మూడు ఉష్ణోగ్రతలు వదిలేద్దామంటే మొదటిసారి మొహం ముడుచుకుంది. నాలుగో అధ్యాయంలో అవే ఖాళీ మేడమ్, అంది మెల్లగా. టీ చల్లారిపోయి ఉంది. బాగుంది, అని తాగిందామె.

కోటీ ముప్ఫై లక్షలు. అద్దం తలుపు అవతల ఎనిమిదింటి జట్టు అప్పుడే వచ్చేసింది, నలుగురు, పెట్టెలు కాళ్ళ దగ్గర పెట్టుకుని, రైల్లో దిగబోయేవాళ్ళ సీటు పక్కన నిలబడ్డట్టు నిలబడి గడియారం వంక చూస్తున్నారు, ఆమె చూడగానే పలకరింపుగా నవ్వుతున్నారు. పదిహేను నిమిషాలు ముందే ఇచ్చేస్తే ఎంత సంతోషిస్తారో. ఆ ఆలోచన వచ్చిందని ఆమె గమనించింది. ఇచ్చేస్తే రెండు కోట్లు నిండవు, నిండకపోతే నియమం ప్రకారం తువ్వాలు ఎత్తనక్కర్లేదు, ఎత్తకపోతే ఆమెకు ఏమీ తెలియదు, అసంపూర్ణం అని రాసి పక్కన పెట్టొచ్చు. ప్లేటును కడ్డీకి మళ్ళీ బిగిస్తే అంచున పడ్డ ఆ గోరంత గీత ఎవరి కంటా పడదు. హీలియం బాబాయ్ వచ్చే ఏడు రిటైరవుతాడు. పట్టిక రెండు నెలల్లో వెళ్ళిపోతుంది, వంటగది పెద్దదట. పెద్దాయనకు డెబ్భై నాలుగు, ఇంకెన్ని ఆదివారాలు. నూట పద్నాలుగో పేజీని ఎవరూ చింపరు. ఎవరికీ నష్టం లేదు, వెండా కాదా అని ఎవరూ అడగలేదు. ఇంత సాఫీగా, ఒకదాని వెనక ఒకటి, ఎంత తేలిగ్గా వచ్చేస్తున్నాయో ఈ మాటలు, ఎప్పట్నుంచో సర్దిపెట్టుకున్న సామానులాగా. ఆమెకు భయం వేసింది. గీత ఎలా ఉంటుందోనన్న భయం కాదు, అది ఆరింటికే కిటికీ దగ్గర అయిపోయింది. ఈ తేలికతనం చూసి వేసింది. అద్దం అవతలివాళ్ళకు రెండు చేతులా ఎనిమిది వేళ్ళు చూపించి, కుర్చీ తెరవైపుకి జరుపుకుంది. చక్రం లేని కాలు ఒకవైపుకి ఒరిగింది, ఎప్పటిలాగే.

కోటీ తొంభై లక్షలు. ఈ కొసన ఎప్పుడూ అంకెలు నెమ్మదిస్తున్నట్టు అనిపిస్తుంది, నెమ్మదించవు. తొమ్మిదేళ్ళ కిందట ఈ పది లక్షలూ ఆమె కూనిరాగం తీస్తూ గడిపింది, పెద్దాయన విసుక్కున్నారు కూడా. ఏ రాగమో గుర్తులేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నాన్న చేతులకు ఎప్పుడూ గోళ్ళ చుట్టూ నల్లటి మరక ఉండేది, సబ్బుకు పోయేది కాదు, పోయిన రోజు మాత్రం ఆస్పత్రివాళ్ళు ఎలా తుడిచారో శుభ్రంగా ఉన్నాయి, అవి నాన్న చేతులని నమ్మడానికి ఆమెకు కాస్త టైము పట్టింది. డబ్బా మీద రెండు తర్వాత ఏడు సున్నాలు నిలిచి, వెంటనే చివరి సున్నా మారిపోయింది. పట్టికే లేచి తువ్వాలు ఎత్తింది, ఎప్పుడూ తనే ఎత్తుతుంది, మడత కూడా సరిగ్గా పెడుతుంది. గీత వాలి ఉంది. కాస్త వాలిందా, చుక్కల చెదురుపాటేమో అనుకోవడానికి ఏ సందూ ఇవ్వకుండా, ఎడమ పైనుంచి కుడి కిందికి, మెత్తగా, అందంగా వాలి ఉంది. నూట పద్నాలుగో పేజీలో చలిగా ఉన్నప్పటి గీతకి కవలపిల్ల. స్ఫటికం లేదు, ఆక్సైడ్ లేదు, హైడ్రోజన్ లేదు. ఆమెకు మొదట కలిగింది దుఃఖం కాదు, ఎంత శుభ్రమైన డేటా అన్న మెచ్చుకోలు.

పట్టిక తువ్వాలు గుండెలకు ఆనించుకుని నిలబడే ఉంది. ఇది వెండి కాదు, రాగి, పైన పూత, అని ఆమె చెప్పింది. ఆరింటికి గీత పడటం, అందులో ఎరుపు కనబడటం, తను దాచడం, అన్నీ రెండు వాక్యాల్లో చెప్పేసింది. తొమ్మిదేళ్ళుగా కొలిచిందాంట్లో ప్లేటు వాటా ఎంతో ఇప్పుడు ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా విడిగా కొలిచి తీసెయ్యాలని, తీసేశాక హైడ్రోజన్‌ది అంటూ ఏమైనా మిగులుతుందో లేదో తనకు తెలియదని, నీ థీసిస్ రెండు నెలల్లో అవదని కూడా చెప్పింది. ఆ పిల్ల ఏడుస్తుందనుకుంది. నా నాలుగేళ్ళు, అంటుందనుకుంది. పట్టిక తెర మీదికి వంగి గీతను ఎడమ కొస నుంచి కుడి కొస దాకా వేలితో వెంబడించింది.

“నేను పోయినేడు దీన్ని తూచాను మేడమ్,” అంది. “ఎంత త్వరగా చల్లబడుతుందో లెక్క కట్టడానికి. అరవై రెండు గ్రాములు రావాలి. యాభై మూడొచ్చింది.”

“పట్టికలో అరవై రెండనే ఉంది కదా.”

“మూడుసార్లు తూచాను. మూడుసార్లూ అంతే. మీ పేపర్లో వెండని ఉంది, డబ్బా మీద సార్ రాసింది ఉంది. మీ ఇద్దరి కన్నా నా తూకం కరెక్టవుతుందా అనుకున్నాను. మెషీనే పాడైందేమోనని మీ లెక్క వేసేశాను.”

మరి అడగాల్సింది కదా, అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగింది. ముందు ఆ పేపరు చదువుకుని రా. పదిమంది నవ్వారు. ఆమెకు సిగ్గేసింది, చెవుల దాకా వేడెక్కేంత సిగ్గు. ఉదయం నుంచి తువ్వాలు కింద ఏముందోనని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నదానికీ దీనికీ సంబంధం లేదు. పేపరు తప్పని రాస్తే ఒక పేజీ పడుతుంది, నలుగురు నొచ్చుకుంటారు, నలుగురు చప్పరిస్తారు, అయిపోతుంది. ఒక పిల్ల మూడుసార్లు తూచి, మూడుసార్లూ సరిగ్గా తూచి, ఆ అంకె కొట్టేసుకుని తన చేత్తోనే తప్పు రాసింది, ఆమెకు భయపడి. పెద్దాయన డబ్బా మూత తన చేతిని ఊరుకోబెట్టినట్టే తను ఈ పిల్ల చేతిని ఊరుకోబెట్టింది, పైగా అది దారిలో పడటం అని ఆయనకు ఫోన్లో చెప్పి మురిసింది. ఆయనకు ఫోన్ చెయ్యాలి. ఆదివారం దాకా ఆగనక్కర్లేదు, ఈ పూటే, ఆయన చెవిమిషను పెట్టుకున్నాక. మనం చేసిన మంచి పని అదొక్కటే అంటారు, అదీ కాదని చెప్పాలి. ఆయన మళ్ళీ చెప్పు అంటారు, మళ్ళీ చెప్పాలి.

అద్దం మీద వేళ్ళతో తట్టారు, ఎనిమిదికి నాలుగు నిమిషాలుంది. ఆమె లాగ్ బుక్ ముందుకు లాక్కుని ఆ రోజు తేదీ వేసి రాసింది: ఖాళీ ప్లేటు, అరవై కెల్విన్, రెండు కోట్లు. ప్లేటు వెండి కాదు, రాగి. తొమ్మిదేళ్ళ కిందటి మా ఫలితం దీనివల్ల వచ్చి ఉండవచ్చు, అని రాసి, వచ్చి ఉండవచ్చు కొట్టేసి వచ్చింది అని దిద్ది, మళ్ళీ ఆలోచించి, అంత గట్టిగా చెప్పడానికి ఇంకా కొలవాలి కనక, మొదటిదే తిరిగి రాసింది. సంతకం చేసింది. పుస్తకాన్ని పట్టికవైపు తిప్పి, కలం పైన పెట్టింది.

“దీని పైన ఖాళీ ఉంది చూడు. నువ్వు తూచినప్పుడు ఎంతొచ్చిందో రాయి. నాకన్నా ముందు నీది ఉండాలి.”

పట్టిక తువ్వాలు కుర్చీ వీపు మీద వేసి వంగింది. యాభై మూడు పాయింట్ ఒకటి గ్రాములు, మూడుసార్లు, అని గుండ్రటి అక్షరాల్లో రాసింది. కలం ఆపింది.

“ఏ తేదీ వెయ్యను మేడమ్? ఇవాళ్టిదా?”

“నువ్వు తూచిన తేదీ.”

ఆ పిల్ల తన పట్టికలు తెరవలేదు, వేళ్ళ మీద లెక్కపెట్టుకోలేదు, తలెత్తి గోడ మీద క్యాలెండరు చూడలేదు. రోజు, నెల, సంవత్సరం, పక్కన ఎన్ని గంటలకో కూడా, ఒక్క క్షణం ఆగకుండా రాసేసింది.